ఇంక్‌జెట్ ఫొటో ప్రింటింగ్: ఏ సాఫ్ట్‌వేర్ ఏ పని చేస్తుంది, ఎవరికి ఏది సరిపోతుంది

ఇంట్లో మంచి ఫొటో ప్రింటర్ పెట్టుకున్నవాళ్లు కొద్దిరోజుల్లోనే ఒక వింత గమనిస్తారు. అదే ఫైలు, అదే కాగితం, అదే ఇంకు. అయినా రెండు వేరే సాఫ్ట్‌వేర్ల నుంచి ప్రింట్ తీస్తే ఒకదానిలో ముఖం ఎర్రబారి ఉంటుంది, ఇంకోదానిలో సహజంగా ఉంటుంది. ఎవరినైనా సలహా అడిగితే ఒకరు ప్రింటింగ్ కోసమే ఉన్న క్యూఇమేజ్ కొనమంటారు, ఇంకొకరు ఫొటోలు సరిచేసే లైట్‌రూమ్ చాలంటారు, మరొకరు రిప్ (ప్రింటర్ డ్రైవర్ పనిని కూడా తనే చేసే సాఫ్ట్‌వేర్) లేకుండా అసలు ప్రింటింగే లేదంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పరు. ఎవరి అవసరం ఏమిటో దాన్ని బట్టి చెబుతారు, అంతే. ఆ సలహాలు మన అవసరానికి సరిపోతాయో లేదో తెలియాలంటే ముందు ప్రింట్ బటన్ నొక్కాక ఏం జరుగుతుందో తెలియాలి.

బటన్ నొక్కాక జరిగే ఐదు పనులు

ఫొటో ఫైలు కాగితం మీదికి చేరేలోపు ఐదు పనులు జరగాలి. కాగితం మీద ఫొటో ఎక్కడ, ఎంత సైజులో ఉండాలో తేల్చడం మొదటిది. దీన్ని లేఅవుట్ అంటారు. ఆ సైజుకి తగ్గట్టు పిక్సెళ్లను పెంచడమో తగ్గించడమో రెండోది. సైజు మారినప్పుడు, ఇంకు కాగితంలోకి ఇంకినప్పుడు పోయే పదునుని ముందే కాస్త పెంచి ఉంచడం మూడోది, అదే ప్రింట్ షార్పెనింగ్. ఫైలులోని రంగుల అంకెలను ఆ ప్రింటర్‌కి, ఆ కాగితానికి సరిపోయే అంకెలుగా మార్చడం నాలుగోది. చివరిగా ఆ రంగులను సయాన్, మెజెంటా, పసుపు, నలుపు, గ్రే ఇంకుల సన్నటి చుక్కలుగా విడగొట్టడం.

ఈ ఐదో పని సాధారణంగా ప్రింటర్ డ్రైవర్‌ది. డ్రైవర్ అంటే కంప్యూటర్‌కి, ప్రింటర్‌కి మధ్య ఉండే చిన్న ప్రోగ్రామ్. మొదటి నాలుగు పనులను మాత్రం ఫొటో సాఫ్ట్‌వేర్ కూడా చేయగలదు, డ్రైవర్ కూడా చేయగలదు. గందరగోళం అంతా ఇక్కడే పుడుతుంది. ఒక పనిని ఇద్దరూ చేసినా, ఇద్దరూ వదిలేసినా ప్రింట్ పాడవుతుంది. సాఫ్ట్‌వేర్ ఎంపిక అంటే నిజానికి ఏ పనిని ఎవరికి అప్పగించాలో తేల్చుకోవడమే.

పిక్సెళ్లు, చుక్కలు: 24 మెగాపిక్సెల్ ఫొటో లెక్క

రెండు మాటలు తరచూ కలిసిపోతుంటాయి. పీపీఐ అంటే ఫొటోలో ఒక అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయన్నది. డీపీఐ అంటే ప్రింటర్ ఒక అంగుళంలో ఎన్ని ఇంకు చుక్కలకు చోటు చూడగలదన్నది. ప్రింటర్ పెట్టె మీద 4800 అనో 5760 అనో కనిపించేది డీపీఐ. ఒక్క పిక్సెల్ రంగుని చూపించడానికి చాలా చుక్కలు కావాలి కాబట్టి మన ఫైలుకి అంత పీపీఐ అక్కర్లేదు.

మామూలు 24 మెగాపిక్సెల్ కెమెరా ఫొటో 6000 × 4000 పిక్సెళ్లు ఉంటుంది. దాన్ని ఏ4 కాగితం పొడవు, అంటే 297 మిల్లీమీటర్లు, నిండేలా పెడితే అంగుళానికి సుమారు 513 పిక్సెళ్లు వస్తాయి. ఏ3 ప్లస్ కాగితం పొడవు 483 మిల్లీమీటర్లు. అక్కడ 315 చిల్లర. ఏ2 మీద 257 దాకా దిగుతుంది.

ఇప్పుడు డ్రైవర్ వైపు చూద్దాం. ఎప్సన్ ఫొటో ప్రింటర్ల డ్రైవర్లు లోపల 360 లేదా 720 పీపీఐతో పనిచేస్తాయి. కెనాన్, హెచ్‌పీలవి 300 లేదా 600. మనం పంపింది వేరే అంకె అయితే ఎవరో ఒకరు దాన్ని సర్దాలి. పై ఏ3 ప్లస్ ఉదాహరణలో 315 నుంచి 360కి వెళ్లాలంటే 6000 పిక్సెళ్లు దాదాపు 6846 కావాలి. లేని పిక్సెళ్లను పక్కవాటిని చూసి ఊహించి నింపాలి. ఈ పని సాఫ్ట్‌వేర్ చేస్తే మెరుగైన లెక్కలు వాడుతుంది, పైగా సైజు మారిన తర్వాత షార్పెనింగ్ కూడా చేస్తుంది. డ్రైవర్‌కి వదిలేస్తే సైజు సర్దుతుంది గానీ, ఎంత జాగ్రత్తగా సర్దుతుందన్నది డ్రైవర్‌ని బట్టి ఉంటుంది. సర్దాక మన ఫొటోకి తగ్గట్టు షార్ప్ చేసేవాళ్లు ఎవరూ ఉండరు.

ఈ తేడా కంటికి కనిపిస్తుందా అన్నది వేరే ప్రశ్న. దాని సంగతి తర్వాత చూద్దాం.

రంగు: అసలు చిక్కుముడి

అన్నిటికన్నా ఎక్కువ కాగితం, ఇంకు వృథా అయ్యేది నాలుగో పని దగ్గరే. అందుకే ఇక్కడ కొంచెం ఆగుదాం.

ఫైలులో రంగు అంటే మూడు అంకెలు. కానీ ఆ అంకెలకు సొంతంగా అర్థం లేదు. ఏ కలర్ స్పేస్‌లో, అంటే ఏ అంకెకి ఏ రంగో చెప్పే ఏ పద్ధతిలో రాశారో తెలిస్తేనే అర్థం. ఉదాహరణకి ఎస్‌ఆర్‌జీబీలో పూర్తి ఎరుపు 255, 0, 0. సరిగ్గా అదే ఎరుపుని అడోబీ ఆర్‌జీబీలో రాస్తే 219, 0, 0 అవుతుంది. అడోబీ ఆర్‌జీబీ ఫైలుని ఒక ప్రోగ్రామ్ ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదివితే 219ని 219గానే తీసుకుంటుంది. ఎరుపు వెలిసిపోయినట్టు వస్తుంది. ప్రింటర్‌లో ఏ లోపమూ లేకుండానే ప్రింట్ చప్పగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ అంకెలకు అర్థం చెప్పే చిన్న ఫైలే ప్రొఫైల్. 1993లో మొదలైన ఇంటర్నేషనల్ కలర్ కన్సార్టియం వీటికి ఉమ్మడి రూపం ఇచ్చింది, అందుకే ఐసీసీ ప్రొఫైల్ అంటారు. ప్రింట్ విషయంలో ఒక్కో ప్రొఫైల్ ఒక ప్రింటర్, దాని ఇంకు, ఒక కాగితం, డ్రైవర్‌లో ఎంచుకున్న మీడియా టైప్ (కాగితం రకం), ఈ నాలుగింటి జోడీకే చెల్లుతుంది. కాగితం తయారుచేసినవాళ్లు ప్రొఫైల్‌తో పాటు ఏ మీడియా టైప్ పెట్టాలో కూడా చెప్పేది అందుకే. మీడియా టైప్ మారితే ప్రింటర్ వేసే ఇంకు మోతాదే మారిపోతుంది. అప్పుడు ఎంత మంచి ప్రొఫైలైనా పనికిరాదు.

ఈ మార్పిడి ఎవరు చేయాలి? ఫొటోషాప్, లైట్‌రూమ్ లాంటివి రెండు దారులు చూపిస్తాయి. ఒకటి రంగులు సాఫ్ట్‌వేరే చూసుకోవడం, రెండోది ప్రింటర్‌కి వదిలేయడం. సాఫ్ట్‌వేర్ చూసుకునేట్టయితే డ్రైవర్‌లో రంగుల సర్దుబాటు పూర్తిగా ఆపేయాలి. ఎప్సన్ డ్రైవర్లలో ఇది 'నో కలర్ అడ్జస్ట్‌మెంట్' లాంటి పేరుతో, కెనాన్‌లో కలర్ కరెక్షన్ దగ్గర 'నన్' అని ఉంటుంది.

ఆపకపోతే ఏమవుతుందో ఊహకి అంకెలు పెట్టుకుని చూద్దాం. చర్మం రంగు ఫైలులో 205, 160, 135 అనుకోండి. ప్రొఫైల్ ప్రకారం ఈ కాగితం మీద అదే రంగు రావాలంటే ప్రింటర్‌కి 200, 150, 115 పంపాలనుకోండి. సాఫ్ట్‌వేర్ సరిగ్గానే మార్చి పంపింది. డ్రైవర్‌కి ఆ సంగతి తెలియదు. వచ్చిన 200, 150, 115నే అసలు ఫొటో అనుకుని మళ్లీ తన లెక్క ప్రకారం మారుస్తుంది. ఇంట్లో ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు రోగికి అదే మందు ఇచ్చినట్టు. ముఖాలు ఎర్రగా, మెజెంటా వైపు జరిగిపోయి కనిపిస్తే మొదట అనుమానించాల్సింది ఈ రెట్టింపు మార్పిడినే.

తిరగేసిన పొరపాటు కూడా ఉంది. సాఫ్ట్‌వేర్ రంగులను ప్రింటర్‌కి వదిలేస్తుంది, డ్రైవర్‌లోనేమో సర్దుబాటు ఆపేసి ఉంటుంది. ఎవరూ మార్చరు. ప్రింట్ నిర్జీవంగా వస్తుంది.

ఇంటెంట్, సాఫ్ట్ ప్రూఫ్, చీకటి ప్రింట్లు

తెర చూపించే కొన్ని రంగులు ఇంకుకి అందవు. అందని రంగుని ఎలా సర్దాలో చెప్పే పద్ధతిని రెండరింగ్ ఇంటెంట్ అంటారు. ఫొటోలకు పనికొచ్చేవి ప్రధానంగా రెండు. పర్సెప్చువల్ మొత్తం రంగులను కాస్త దగ్గరికి కుదించి వాటి మధ్య తేడాలను నిలబెడుతుంది. రెలటివ్ కలరిమెట్రిక్ అందే రంగులను ఉన్నవి ఉన్నట్టు ఉంచి, అందనివాటిని మాత్రం దగ్గరలో ఉన్న రంగుకి జరుపుతుంది. నిండు ఎరుపు పువ్వు రేకుల్లో రెండో పద్ధతి వాడితే వివరాలు కలిసిపోయి ఒకే ముద్దలా రావచ్చు. మనుషుల ముఖాలున్న మామూలు ఫొటోల్లో ఆ పద్ధతే సహజంగా ఉంటుంది. ఏది బాగుంటుందో ఫొటోని బట్టి తేలాలి కాబట్టి, రెండిటినీ ప్రింట్ తీయకముందే తెరమీద పోల్చి చూపించే సౌకర్యం కావాలి. అదే సాఫ్ట్ ప్రూఫ్. నేనైతే సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు మొదట చూసేది ఈ సౌకర్యం ఉందా లేదా అన్నదే. హంగులెన్ని ఉన్నా ఇది లేకపోతే కాగితం మీదే పరీక్షలు చేయాల్సి వస్తుంది.

ప్రింట్లు చీకటిగా వస్తున్నాయని సాఫ్ట్‌వేర్ మార్చేవాళ్లు చాలామంది. చాలాసార్లు తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. తెర వెలుతురు ఎక్కువగా ఉంటుంది. ప్రింట్ పోలికకి తెర వెలుతురుని చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలాల (వెలుతురు కొలిచే ప్రమాణం) మధ్య ఉంచడం వాడుక. కొత్త మానిటర్లు పెట్టెలోంచి తీసినప్పుడు దీనికి రెట్టింపు, ఆపైన వెలుగుతుంటాయి. అంత వెలుతురులో సరిచేసిన ఫొటో కాగితం మీద చీకటిగానే ఉంటుంది, ఏ ప్రోగ్రామ్ నుంచి పంపినా.

ప్రింటర్ కంపెనీల ఉచిత సాఫ్ట్‌వేర్

కెనాన్ వాళ్ల ప్రొఫెషనల్ ప్రింట్ అండ్ లేఅవుట్, ఎప్సన్ వాళ్ల ఎప్సన్ ప్రింట్ లేఅవుట్ ఉచితం. విడిగా వాడొచ్చు, ఫొటోషాప్, లైట్‌రూమ్ క్లాసిక్‌ల నుంచి ప్లగిన్‌లా కూడా పిలవొచ్చు. వీటిని ఉచితం కదా అని తక్కువగా చూసేవాళ్లున్నారు. అది అన్యాయమని నా అభిప్రాయం. సాఫ్ట్‌వేర్, డ్రైవర్ రెండు కిటికీల్లో విడివిడిగా పెట్టాల్సిన సెట్టింగులను ఇవి ఒకే తెరమీదికి తెస్తాయి. కాగితం, ప్రొఫైల్, నాణ్యత అన్నీ ఒక్కచోటే ఎంచుకుంటాం కాబట్టి పైన చెప్పిన రెట్టింపు మార్పిడికి చోటే ఉండదు. మొదటిసారి ప్రింట్ చేసేవాళ్లకి ఇంతకన్నా పెద్ద మేలు ఏ ఖరీదైన ప్రోగ్రామూ చేయదు.

కెనాన్ సాఫ్ట్‌వేర్‌లో ప్యాటర్న్ ప్రింట్ అనేది ఉంది. వెలుతురు, రంగు కొంచెం కొంచెం మార్చిన చిన్న చిన్న నమూనాలను ఒకే కాగితం మీద వేసి చూపిస్తుంది. ఎప్సన్ దానిలో నలుపు-తెలుపు సర్దుబాట్లు చేతికి అందేలా ఉంటాయి. వీటి పరిమితి కూడా స్పష్టమే. ఆ కంపెనీ ప్రింటర్లకి, అందులోనూ కొన్ని మోడళ్లకే పనిచేస్తాయి. ప్రింటర్ మారితే నేర్చుకున్నదంతా మళ్లీ మొదటికి వస్తుంది.

ఫొటోషాప్, లైట్‌రూమ్, క్యూఇమేజ్

ఫొటోషాప్ ఒక్కో ఫొటోని శ్రద్ధగా సరిచేసి, సాఫ్ట్ ప్రూఫ్ చూసి పంపడానికి బాగుంటుంది. ఒకే కాగితం మీద చాలా ఫొటోలు పెట్టాలంటే మాత్రం చేత్తో చేసే పని పెరిగిపోతుంది. లైట్‌రూమ్ క్లాసిక్‌లోని ప్రింట్ మాడ్యూల్ ఆ లోటు తీరుస్తుంది. పీపీఐ ఎంతో చెబితే అది సర్దుతుంది, మ్యాట్‌కా గ్లాసీకా అడిగి తగినట్టు షార్ప్ చేస్తుంది, ఒకసారి కుదిరిన సెట్టింగులను టెంప్లేట్‌గా దాచుకోనిస్తుంది. ఇవి రెండూ నెలనెలా చందాతో నడిచేవి. ఫొటోలు సరిచేయడానికి ఇప్పటికే వాటిని వాడుతున్నవాళ్లకి ప్రింటింగ్ కోసం విడిగా ఖర్చు లేదు. కేవలం ప్రింట్ కోసమే చందా కట్టడం మాత్రం నాకు సబబుగా తోచదు.

క్యూఇమేజ్ ఇంకో దారి పట్టింది. ఇది ఎడిటింగ్ ప్రోగ్రామ్ కాదు, ప్రింటింగ్ కోసమే పుట్టింది. డ్రైవర్‌ని దాని రిజల్యూషన్ ఎంతో అడిగి తెలుసుకుని, సరిగ్గా ఆ అంకెకే ఫొటోని పెంచి, ఆ తర్వాత షార్ప్ చేసి పంపుతుంది. పీపీఐ గురించి మనం ఆలోచించే పనే లేదు. కాగితం వృథా కాకుండా ఫొటోలను తనంతట తానే సర్దుతుంది. ఉదాహరణకి 4 × 6 అంగుళాలవి రెండు, 3.5 × 5 అంగుళాలవి రెండు ప్రింట్లు కావాలనుకోండి. ఏ4 కాగితం 8.27 × 11.69 అంగుళాలు. పెద్దవి రెండూ పక్కపక్కన 8 అంగుళాల వెడల్పు తీసుకుంటాయి, వాటి కింద చిన్నవి రెండూ 7 అంగుళాల వెడల్పులో ఇమిడిపోతాయి. మొత్తం ఎత్తు 11 అంగుళాలు. నాలుగూ ఒకే కాగితంలో అయిపోతాయి. రోజూ ఇలాంటి పని ఉన్నవాళ్లకి ఈ ఒక్క సౌకర్యమే సాఫ్ట్‌వేర్ ఖర్చుని రాబడుతుంది. అప్పుడప్పుడూ ఒక పెద్ద ప్రింట్ తీసేవాళ్లకి దీని అవసరమే రాకపోవచ్చు. అల్టిమేట్ అనే రకం విండోస్‌కి, వన్ అనేది మ్యాక్‌కి కూడా ఉంది. తెరమీద దాని తీరు అలవాటు కావడానికి కొంత ఓపిక కావాలని వాడినవాళ్లు అనడం మామూలే, అందులో నిజం ఉంది.

రిప్ అంటే ఏమిటి, ఎవరికి కావాలి

రిప్ డ్రైవర్‌ని పక్కన పెట్టి ఐదో పనిని కూడా తనే తీసుకుంటుంది. ఏ ఇంకు ఎంత వేయాలన్నది నేరుగా నిర్ణయిస్తుంది. ఇమేజ్‌ప్రింట్ ఈ కోవలో పేరున్నది. చాలా కాగితాలకు తానే తయారుచేసిన ప్రొఫైళ్లు ఇవ్వడం దాని బలం. రోల్ కాగితం మీద పెద్ద ప్రింట్లు, రకరకాల కాగితాలు, రోజంతా పని ఉన్నచోట రిప్ ఉపయోగం తెలుస్తుంది. ఒకప్పుడు డ్రైవర్లు బలహీనంగా ఉన్నప్పుడు రంగు ప్రింట్లకు కూడా రిప్‌తో పెద్ద తేడా ఉండేది. ఇప్పటి డ్రైవర్లు, ప్రొఫైళ్లు బాగుపడ్డాయి కాబట్టి ఇంట్లో ఒక ప్రింటర్, రెండు మూడు కాగితాలు వాడేవారికి ఆ తేడా చాలా తగ్గింది. కొన్ని రిప్‌ల లైసెన్సు ప్రింటర్ మోడల్‌కో సైజుకో ముడిపడి ఉంటుందన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నలుపు-తెలుపు సంగతి వేరు. గ్రే రంగుని రంగు ఇంకులు కలిపి పుట్టిస్తే పచ్చగానో ఎర్రగానో ఛాయ తేలుతుంది. ఇంట్లో బల్బు కింద ఒకలా, కిటికీ పక్కన ఇంకోలా కనిపించొచ్చు. అందుకే ఎప్సన్ అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ తెచ్చింది. అది ఎక్కువభాగం నలుపు, గ్రే ఇంకులతోనే పని కానిస్తుంది. ఇక్కడ పైన చెప్పిన నియమం తిరగబడుతుంది: రంగులను ప్రింటర్‌కే వదిలేయాలి. ఇంకా లోతుగా వెళ్లాలనుకునేవారికి రాయ్ హారింగ్టన్ తయారుచేసిన క్వాడ్‌టోన్ రిప్ ఉంది. ఒక్కో గ్రే ఇంకు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో గీత గీసి చెప్పొచ్చు. ఇది ప్రధానంగా ఎప్సన్ ప్రింటర్ల కోసం. నేర్చుకోవడం తేలిక కాదు, కానీ నలుపు-తెలుపే ప్రాణంగా ఉన్నవాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం ప్రింట్ చూస్తే అర్థమవుతుంది.

లినక్స్ వాడేవారికి గుటెన్‌ప్రింట్ ఉచిత డ్రైవర్లు, డబ్బు కట్టి తీసుకునే టర్బోప్రింట్ ఉన్నాయి. డార్క్‌టేబుల్ అనే ఉచిత ఫొటో సాఫ్ట్‌వేర్‌లో ప్రొఫైల్, ఇంటెంట్ ఎంచుకునే ప్రింట్ పేజీ లినక్స్‌లో పనిచేస్తుంది, విండోస్ రకంలో అది లేదు.

నాణ్యతలో తేడా నిజంగా కనిపిస్తుందా

ఇక్కడ రెండు వాదాలున్నాయి, రెండిటికీ ఆధారం ఉంది. డ్రైవర్ రిజల్యూషన్‌కి సరిగ్గా సర్ది పంపితే వెంట్రుకలు, తీగలు, ఏటవాలు గీతలు శుభ్రంగా వస్తాయని ఒక పక్షం. మామూలు దూరం నుంచి చూస్తే ఆ తేడా ఎవరికీ తెలియదని రెండో పక్షం.

కంటి లెక్క చూస్తే ఈ తగువు కొంత తేలుతుంది. ఆరోగ్యమైన కన్ను డిగ్రీలో 60వ వంతు కోణంలో ఉన్న వివరాన్ని విడదీసి చూడగలదని సాధారణంగా అనుకుంటారు. 25 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తే ఆ హద్దు సుమారు 350 పీపీఐ. 60 సెంటీమీటర్ల దూరానికి జరిగితే 145 చాలు. అంటే ఏ2 ప్రింట్‌ని గోడకి తగిలిస్తే మన 257 పీపీఐ ఎటూ సరిపోతుంది. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్ ప్రింట్‌లో మొదటి పక్షం మాటకి బలం ఉంది. నిగనిగలాడే కాగితం మీద తేడా తేలిగ్గా పట్టుబడుతుంది. మ్యాట్ మీద, కాన్వాస్ మీద ఇంకు కొంచెం వ్యాపిస్తుంది కాబట్టి కలిసిపోతుంది. షార్పెనింగ్ సరిగ్గా జరిగిందా లేదా అన్నది మాత్రం ఏ కాగితం మీదైనా తెలుస్తుంది. నా దృష్టిలో సైజు పెంచే లెక్క ఎవరిది గొప్పదన్న వాదన కన్నా ఇదే ముఖ్యం.

డ్రైవర్లే మారిపోతున్న కాలం

ఈ ఎంపిక మునుపటికన్నా ఇప్పుడు ఎక్కువ తికమక పెట్టడానికి ఇంకో కారణం ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్‌లు ప్రింటర్ కంపెనీల డ్రైవర్లను పక్కకి తప్పించి అందరికీ ఒకే రకం డ్రైవర్ వాడే దిశగా వెళ్తున్నాయి. మ్యాక్‌లో ప్రింటర్ కలిపినప్పుడు చాలాసార్లు ఎయిర్‌ప్రింట్ అనే యాపిల్ ఉమ్మడి డ్రైవర్ దానంతట అదే ఎంపికవుతుంది. కాగితాల పూర్తి జాబితా, రంగుల సెట్టింగులు కనిపించవు. చాలామంది సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటారు గానీ, అక్కడ కావలసింది కంపెనీ డ్రైవర్‌ని ఎంచుకుని ప్రింటర్‌ని మళ్లీ కలపడం. విండోస్ వైపు, మైక్రోసాఫ్ట్ 2023 సెప్టెంబరులో బయటి కంపెనీల డ్రైవర్లకు విండోస్ అప్‌డేట్ ద్వారా ఇచ్చే మద్దతుని దశలవారీగా ఆపేస్తామని ప్రకటించింది. విండోస్ 11లో వచ్చిన ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్‌ని ఆన్ చేస్తే ఆ డ్రైవర్లు అసలు పనిచేయవు.

ఆఫీసు కాగితాలకు, భద్రతకు ఈ మార్పు మంచిదే. ఫొటో ప్రింట్‌కి కావలసిన మీడియా టైప్, రంగుల సర్దుబాటు ఆపే వీలు మాత్రం ఆ కంపెనీ డ్రైవర్లలోనే ఉంటున్నాయి. కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాత ప్రింటర్‌కి కంపెనీ వెబ్‌సైట్‌లో డ్రైవర్ ఇంకా దొరుకుతుందా, ఎంచుకున్న సాఫ్ట్‌వేర్ ఆ డ్రైవర్ మీదే ఆధారపడుతుందా లేక తన సొంత దారిలో ప్రింటర్‌తో మాట్లాడుతుందా అన్నది ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఎంపికలో భాగమైపోయింది. డ్రైవర్‌ని పక్కన పెట్టే రిప్‌లకు ఈ ఒక్క విషయంలో కొత్తగా విలువ పెరగవచ్చు. అయితే వాటికీ ప్రతి కొత్త ప్రింటర్‌కి ఎవరో ఒకరు మద్దతు రాసి ఇవ్వాల్సిందే.